ఎడారి గోడ మీద బొమ్మ, ఓరుగల్లు గోడ మీద బొమ్మ: ఏది ఎందుకు నిలుస్తుంది?

స్వచ్ఛ సర్వేక్షణ్ తనిఖీలు దగ్గర పడుతున్నాయంటే హన్మకొండ ప్రహరీ గోడలకు కొత్త కళ వస్తుంది. కాకతీయ తోరణం, రామప్ప మదనిక, బతుకమ్మ పేర్చే ఆడవాళ్ళు, ఎర్రటి నేల మీద చేర్యాల పటంలోని పెద్ద కళ్ళ మనుషులు వరుసగా గోడలెక్కుతారు. రెండు వానాకాలాలు గడిచేసరికి ఆ బొమ్మల్లో సగం పొక్కులు లేచి, పెచ్చులూడి, కింద ఉన్న పుట్టీ బయటపడుతుంది. చదువుకో, ఉద్యోగానికో అరిజోనా వెళ్ళిన మన పిల్లలు మాత్రం అక్కడి ఎడారి పట్టణాల నుంచి ఫోటోలు పంపుతుంటారు. నాలుగంతస్తుల గోడ నిండా బొమ్మలు, రంగు పలకలు పొదిగిన గుమ్మటాలు, వంతెన కింద పింగాణీ పలకల మీద మనిషి కంటే ఎత్తైన ముఖాలు వాటిలో కనిపిస్తాయి. ఆ ఫోటోలు చూసిన ప్రతి ఇంట్లోనూ ఒకే ప్రశ్న పుడుతుంది: అక్కడ నిలిచేది ఇక్కడెందుకు నిలవదు?

"అది ఎడారి, వానలుండవు, అందుకే రంగు నిలుస్తుంది" అనేది అందరూ చెప్పే జవాబు. ఇందులో సగమే నిజం. మిగతా సగం తెలియాలంటే ముందు గోడ బొమ్మ అనే మాట కింద ఎన్ని వేర్వేరు పనులు కలిసిపోయాయో విడదీసి చూడాలి. ఉదాహరణకు అరిజోనా రాష్ట్రంలోని టూసాన్ నగరాన్ని తీసుకుందాం. మ్యూరల్స్‌కూ, టైల్ పనికీ పేరున్న ఊరది. సోనోరన్ ఎడారిలో, సముద్ర మట్టానికి దాదాపు 730 మీటర్ల ఎత్తున ఉంటుంది.

ఒకే పేరు కింద నాలుగు పనులు

కుడ్యం అంటే గోడ. గోడనే ఆధారం చేసుకున్న ఏ చిత్రమైనా కుడ్యచిత్రమే, మ్యూరలే. చిత్రం గోడకు ఎలా అంటుకుందన్న దాన్నిబట్టి అందులో ప్రధానంగా నాలుగు రకాలు కనిపిస్తాయి.

మొదటిది ఫ్రెస్కో. సున్నపు పూత ఇంకా పచ్చిగా ఉండగానే, నీళ్ళలో కలిపిన రంగును దాని మీద వేస్తారు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్ళీ రాయిగా మారేటప్పుడు రంగు రేణువులు ఆ రాతి పొరలో చిక్కుకుపోతాయి. ఇక్కడ రంగు గోడ మీద ఉండదు, గోడలో ఉంటుంది. రెండవది పొడి గోడ మీద వేసే చిత్రం. ఇందులో రంగును పట్టి ఉంచడానికి జిగురో, బంకో, మరొక బంధకమో కావాలి. అజంతా చిత్రాలను చాలామంది ఫ్రెస్కోలంటారు గాని అవి ఈ రెండవ కోవకు చెందినవి. మట్టి, ఊక వంటివి కలిపిన పూత మీద పలచగా సున్నం వేసి, అది ఆరిన తర్వాత జిగురు రంగులతో గీశారు. మన వీధుల్లో ఎమల్షన్‌తోనో, ఎనామిల్‌తోనో గీసేవీ ఈ కోవలోవే. జిగురు స్థానంలో ఇప్పుడు అక్రిలిక్ వంటి ప్లాస్టిక్ వచ్చింది, అంతే తేడా.

మూడవది మొజాయిక్. రంగు గాజు ముక్కలనో, రాతి ముక్కలనో, పలకల ముక్కలనో పొదిగి బొమ్మ చేస్తారు. ఒక్క ముక్కను విడిగా చూస్తే అందులో బొమ్మేమీ ఉండదు. నాలుగవది టైల్ చిత్రం. పెద్ద బొమ్మను చదరాలుగా విడగొట్టి, ఒక్కో పలక మీద ఒక్కో భాగాన్ని గీసి, బట్టీలో కాల్చి, ఆ తర్వాత గోడకు వరుసగా అతికిస్తారు. మొదటి రెండింటిలో చిత్రకారుడు గోడ దగ్గరికి రావాలి. చివరి దానిలో బొమ్మ మరెక్కడో తయారై గోడ దగ్గరికి వస్తుంది. చిన్న తేడాలాగే కనిపించినా, ముందు ముందు ఖర్చు దగ్గరా, మరమ్మతు దగ్గరా ఇదే పెద్దదవుతుంది.

టూసాన్‌లో ఏది ఎక్కడుంది

ఈ నాలుగు పేర్లూ మనసులో పెట్టుకుని చూస్తే టూసాన్ ఫోటోలు వాటంతట అవే విడివిడిగా అర్థమవుతాయి. ఊరి నడిబొడ్డున రాయ్ ప్లేస్ అనే వాస్తుశిల్పి రూపొందించిన పీమా కౌంటీ పాత న్యాయస్థానం 1929లో పూర్తయింది. దాని గుమ్మటం నిండా నీలం, ఆకుపచ్చ ఛాయల పలకల పొదుగు ఉంటుంది. అది మొజాయిక్ పని. ఇప్పుడు ఆ భవనంలో అరిజోనా విశ్వవిద్యాలయం వారి రత్నాల, ఖనిజాల మ్యూజియం ఉంది. పలకల మీది పచ్చదనం రాగి నుంచి, నీలం కోబాల్టు నుంచి పుడతాయని తెలిసినవారికి ఆ కప్పు కింద ఖనిజాలను దాచడం సరదాగానే అనిపిస్తుంది.

బ్రాడ్‌వే రోడ్డు రైలు పట్టాల కింది నుంచి పోయే చోట స్టీఫెన్ ఫార్లీ 1999లో చేసిన టైల్ చిత్రాలున్నాయి. గత శతాబ్దం మధ్యకాలంలో అక్కడి వీధుల్లో నడిచిపోతున్న మామూలు మనుషులను వీధి ఫోటోగ్రాఫర్లు తీసిన చిత్రాలను వెతికి, వాటిని పింగాణీ పలకల మీదికి ఎక్కించి, గోడంత పెద్దవి చేశారు. ఈ పద్ధతికి ఆయన టైలోగ్రఫీ అని పేరు పెట్టుకున్నారు. దగ్గరికి వెళ్తే ఒక్క పలక మీద ముఖమేదో పోల్చుకోలేం, రోడ్డుకు అటువైపు నిలబడితే మనిషి కనిపిస్తాడు. బతుకుతెరువు కోసం సంచి పట్టుకుని నడిచిన సాదా మనిషికి గోడ మీద అంత చోటు దొరకడం అరుదు కాబట్టి ఈ పని నాకు ప్రత్యేకంగా తోస్తుంది.

ఎండకు ఎదురుగా నిలిచినవి రంగుతో వేసిన గోడలు. జో పగాక్ గీసిన ఒక పెద్ద గోడ మీద మనుషులతోపాటు జావెలీనా అనే ఎడారి జంతువు కూడా సైకిల్ తొక్కుతుంటుంది. చూడ్డానికి మన అడవిపందిలా ఉంటుందది. అంతకు చాలా ముందే, 1970లలో, మెక్సికన్ మూలాల కుటుంబాలు తమ పేటకు పార్కు కావాలని పోరాడి సాధించుకున్న ఎల్ రియో కేంద్రం గోడలకు ఉద్యమ చిత్రాలు ఎక్కాయి. తెలంగాణ ఉద్యమ కాలపు గోడ రాతలు గుర్తున్నవారికి దీని గురించి వేరే వివరణ అక్కరలేదు. ఇక ఊరికి కొద్ది దూరంలో తొహోనో ఓఓదామ్ ఆదివాసుల నేల మీద 1783–1797 మధ్య కట్టిన సాన్ జేవియర్ డెల్ బాక్ చర్చి ఉంది. దాని లోపలి గోడల నిండా చిత్రాలే. ఈ చర్చి కథే మన ప్రశ్నకు అసలు జవాబు చెబుతుంది గనుక దాని దగ్గరికి మళ్ళీ వద్దాం.

ఎండ చేసే పని: పోస్టరు నీలంగా ఎందుకు మారుతుంది

టూసాన్‌లో ఏడాదికి కురిసేది సుమారు 280 మిల్లీమీటర్ల వాన. అందులోనూ సగం దాకా జులై నుంచి సెప్టెంబరు మధ్యనే పడుతుంది, అక్కడివాళ్ళు కూడా దాన్ని మాన్‌సూన్ అనే పిలుస్తారు. వరంగల్‌లో వెయ్యి మిల్లీమీటర్లకు అటూ ఇటూగా కురుస్తుంది. ఇక్కడితో లెక్క ఆపితే "వాన లేదు కాబట్టి నిలుస్తుంది" అన్న మాట సరిపోయినట్టే ఉంటుంది. అయితే మబ్బు లేని ఆకాశం అంటే తెరిపి లేని ఎండ. ఎండలోని అతినీలలోహిత కిరణాలు రంగు అణువులను విరగ్గొడతాయి, వాటిని పట్టి ఉంచిన ప్లాస్టిక్ బంధకాన్ని కూడా పెళుసుగా చేస్తాయి. అలాంటి గోడను వేలితో రాస్తే వేలికి పొడి అంటుకుంటుంది. పెయింటు పనివాళ్ళు దీన్ని రంగు పొడి రాలడం అంటారు.

అన్ని రంగులూ ఒకేలా పోవు. బస్టాండు గోడ మీద ఏడాదిగా ఉన్న సినిమా పోస్టరును గమనించండి. హీరో ముఖం నీలంగా మారిపోయి ఉంటుంది. అచ్చులో వాడే నాలుగు సిరాల్లో పసుపు, గులాబీ ఛాయలు ముందు పోతాయి, నీలం, నలుపు ఎండకు ఓర్చుకుంటాయి. అందుకే మనిషి ఒంటి రంగు మాయమై నీలం మిగులుతుంది. గోడ మీది రంగులకూ ఇలాంటి తేడానే వర్తిస్తుంది. రంగురాళ్ళ నుంచి, ఇనుప ఆక్సైడ్ల నుంచి వచ్చే జాజు ఎరుపు, పచ్చమట్టి రంగు వందల ఏళ్ళు నిలుస్తాయి. మెరిసే గులాబీ, ఫ్లోరోసెంట్ పసుపు, కొన్ని రకాల చవక ఎరుపులు ముందుగా వెలిసిపోతాయి. మన పాత ఇళ్ళలో అలికిన గోడ అంచుకు పూసిన జాజు ఎండకు వెలిసిందని ఎవరూ అనగా నేను వినలేదు, వానకు కారిపోయిందనే అన్నారు.

కాబట్టి ఎడారి రంగుకు స్వర్గం కాదు. అక్కడా ఆరుబయటి గోడ చిత్రాలకు కొన్నేళ్ళకొకసారి రంగు దిద్దాల్సిందే. ఫోటోలో కొత్తగా మెరుస్తున్న గోడ పాతదే అయినా, దాని మీద చేయి పడి ఎంతో కాలం అయి ఉండకపోవచ్చు. తేడా ఎక్కడంటే, అక్కడ బొమ్మ వెలిసిపోతుంది, ఇక్కడ బొమ్మ ఊడిపోతుంది. వెలిసిన బొమ్మ మీద మళ్ళీ గీయవచ్చు. ఊడిన గోడ మీద గీయాలంటే ముందు గోడను బాగుచేయాలి.

నీరు పై నుంచి కంటే కింది నుంచే ఎక్కువ చెడుపు చేస్తుంది

మా వీధి చివర ఒక ప్రహరీ మీద రామప్ప మదనికను వేశారు. ఎత్తు మడమల పాదరక్షలు తొడుక్కుని ఉంటుందని అందరూ ప్రత్యేకంగా చూపించే మదనిక అదే. బొమ్మ బాగా కుదిరింది. మొదటి వానాకాలం దాటేసరికి ఆ పాదరక్షలు పోయాయి. రెండో ఏడు మోకాళ్ళ దాకా పోయింది. నడుము, మెడలోని హారాలు, ముఖం మాత్రం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. వాన పై నుంచే కదా పడింది, మరి ముఖం ముందు పోవాలి గదా?

గోడ అడుగున ఉన్న మట్టి తడిని ఇటుక, సిమెంటు పూత వత్తిలాగా పైకి పీల్చుకుంటాయి. ఇంటి గోడలకు పునాది మీద చెమ్మ ఆపే పొర ఒకటి వేస్తారు, ప్రహరీలకు సాధారణంగా ఆ ఖర్చు పెట్టరు. పైకెక్కే నీరు ఒట్టి నీరు కాదు, నేలలోని లవణాలు కూడా దానితోపాటు ఎక్కుతాయి. నీరు గోడ ముఖం దగ్గర ఆవిరైపోతుంది, ఉప్పు అక్కడే గడ్డకడుతుంది. గడ్డకట్టేటప్పుడు ఉబ్బి, పైనున్న పొరను లోపలి నుంచి నెడుతుంది. మన దగ్గర గోడకు చవుడు పట్టిందంటామే, అది ఇదే. సాధారణంగా రెండు మూడు అడుగుల ఎత్తు దాకా ఈ ప్రభావం ఉంటుంది. ఆరడుగుల ప్రహరీ మీద నిలువెత్తు మనిషిని గీస్తే ఆ రెండు మూడు అడుగుల్లోకి సరిగ్గా పాదాల నుంచి మోకాళ్ళ దాకా వస్తాయి.

ఇందులో ఇంకో మెలిక ఉంది. గోడ మీద పుట్టీ, ప్రైమరు, రెండు చేతుల ఎమల్షన్ వేస్తే అదొక పలచటి ప్లాస్టిక్ తొడుగులా తయారవుతుంది. బయటి వానను ఆపడంలో అది మంచిదే. కాని లోపల చేరిన చెమ్మను కూడా బయటికి పోనివ్వదు. పొక్కులు లేచేది అందుకే. వానను ఆపాలని కొంచెం మందంగా రంగు వేసిన గోడలే ఒక్కోసారి ముందుగా పెచ్చులూడుతుంటాయని పాత పెయింటర్లు అనే మాట వినడానికి విడ్డూరంగా ఉన్నా, అడుగు నుంచి చెమ్మ ఎక్కే గోడల విషయంలో నిజం.

నాగజెముడు జిగురు, కరక్కాయ నీళ్ళు

ఇప్పుడు సాన్ జేవియర్ చర్చి దగ్గరికి వద్దాం. కాల్చిన ఇటుక, సున్నంతో కట్టిన ఆ తెల్లటి కట్టడాన్ని ఎడారి తెల్ల పావురం అని పిలుస్తారు. ఇరవయ్యో శతాబ్దంలో దాన్ని గట్టిపరచాలని బయటి గోడలకు సిమెంటు పూత వేశారు. ఆ రోజుల్లో అది తెలివైన పనిగానే తోచి ఉంటుంది, ఎందుకంటే సున్నం కంటే సిమెంటు గట్టిదని అందరికీ తెలుసు. అయితే గట్టిదనం వేరు, గాలి ఆడటం వేరు. సిమెంటు పూత ఎండకు సన్నగా బీటలిచ్చింది. ఆ బీటల్లోంచి దిగిన కొద్దిపాటి వాన నీరు మళ్ళీ బయటికి రాలేక గోడ లోపలే మిగిలింది. చివరికి ఆ తడి లోపలి గోడల మీది రెండు వందల ఏళ్ళ చిత్రాల దాకా చేరింది. ఏడాదికి 280 మిల్లీమీటర్ల వాన పడే ఎడారిలో, కప్పు కింద భద్రంగా ఉన్న చిత్రాలకు నీటి దెబ్బ తగిలింది.

1980ల చివర నుంచి ఆ సిమెంటును విడతల వారీగా చెక్కేసి, మళ్ళీ సున్నపు పూత వేయడం మొదలుపెట్టారు. ఆ సున్నంలో కలిపింది అక్కడి నాగజెముడు జాతి మొక్క మట్టలను నానబెట్టి తీసిన జిగురు. 1992–1997 మధ్య లోపలి చిత్రాలను నిపుణులు శుభ్రపరిచారు. ఆ పనిలో స్థానిక తొహోనో ఓఓదామ్ యువకులకు శిక్షణ ఇచ్చి వాళ్ళను భాగస్వాములను చేశారు.

ఆ నాగజెముడు జిగురు సంగతి వినగానే మన మేస్త్రీలకు గుర్తొచ్చేది కరక్కాయ, బెల్లం. గడీల్లోనూ, పాత మిద్దెల్లోనూ వాడిన డంగు సున్నాన్ని ఎద్దులు తిప్పే గానుగలో నూరి, కరక్కాయలు నానబెట్టిన నీళ్ళు, బెల్లం పాకం కలిపి రోజుల తరబడి మాగబెట్టేవారు. అక్కడి మట్ట జిగురూ, ఇక్కడి బెల్లం కరక్కాయా చేసే పని దాదాపు ఒకటే: సున్నం త్వరగా ఎండిపోయి బీటలివ్వకుండా చూడటం, వాన నీటిని కొంత తోసిపుచ్చడం, అదే సమయంలో గోడ లోపలి చెమ్మకు దారి ఇవ్వడం. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే రెండు ఎండ నేలలు తమ పెరట్లో దొరికిన దానితో ఒకే కిటుకును పట్టుకున్నాయి. ఇప్పుడు మన పాత కట్టడాలకు చేస్తున్న అతుకుల్లో చాలా చోట్ల కనిపించేది మాత్రం సిమెంటే.

అంటే గోడ బొమ్మ ఆయుష్షు రంగు డబ్బాలో కంటే దాని వెనకున్న పూతలోనే ఎక్కువగా ఉందన్నమాట. కాకతీయుల కాలపు చిత్రాల విషయంలో కూడా ఇదే కనిపిస్తుంది. ప్రతాపరుద్రుని కాలపు వారకాంత మాచల్దేవి తన చిత్రశాలలో ప్రవేశించిన వైభవాన్ని వినుకొండ వల్లభరాయుడి క్రీడాభిరామం చెబుతుంది. ఓరుగల్లులో బొమ్మలు వేసిన గోడలు ఉండేవనడానికి అంతకంటే సాక్ష్యం అక్కరలేదు. ఆ గోడలూ లేవు, ఆ బొమ్మలూ లేవు. కాకతీయుల నాటి రంగుల ఆనవాళ్ళు చూడాలంటే సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రి గుడిలో, రాతి కప్పు నీడన వెతుక్కోవాలి.

టైల్: బట్టీలోనే పండిన బొమ్మ

టైల్ ఈ చిక్కులన్నింటినీ ఒక్క దెబ్బతో దాటేసినట్టు కనిపిస్తుంది. మట్టి పలక మీద ఖనిజ రంగులతో గీసి, గాజుగా మారే పూత పోసి, వెయ్యి డిగ్రీల ప్రాంతంలో కాలిస్తే రంగు ఆ గాజులో కరిగిపోతుంది. అంత వేడిని చూసి వచ్చిన రంగును మే నెల ఎండ ఏమీ చేయలేదు. గాజు పొరలోకి నీరు దిగదు.

ఈ విద్య టూసాన్‌కు వచ్చిన దారి మనకు కొత్త కాదు. చైనా తెల్ల పింగాణీని చూసి ముచ్చటపడిన ఇరాక్ కుమ్మర్లు తొమ్మిదో శతాబ్దంలో తగరం కలిపిన తెల్లటి గాజు పూతను కనిపెట్టారు. ఆ పూత పడమరగా స్పెయిన్ చేరి, అక్కడి నుంచి పదహారో శతాబ్దంలో మెక్సికోలోని ప్యూబ్లాకు వెళ్ళి తలవెర అనే పేరుతో స్థిరపడింది. సరిహద్దుకు ఇవతలున్న టూసాన్ ఇళ్ళ మెట్ల మీద, పెరటి గోడల మీద కనిపించేవి ఆ పలకలే. 2019లో యునెస్కో ఈ కళను సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. పలకల కళలోని మరో పాయ ఇరాన్ మీదుగా దక్కనుకు దిగింది. బీదర్‌లో 1472 నాటి మహమూద్ గవాన్ మదర్సా ముఖభాగాన కొంతమేర మిగిలిన పలకలు, హైదరాబాద్ బాద్‌షాహీ ఆషుర్‌ఖానాలో 1611 నాటికి పూర్తయిన పలకల పొదుగు ఆ పాయకు చెందినవే. ఫోటోలోని ఎడారి గుమ్మటం, మన పక్కనున్న ఆషుర్‌ఖానా దూరపు చుట్టాలని చెప్పవచ్చు.

ఇప్పటి మన వీధుల్లో టైల్ చిత్రానికి అసలైన ప్రదర్శనశాల ఏదంటే, నిజాయితీగా చెప్పాలంటే, మూత్రం పోయకుండా ప్రహరీ అడుగున అతికించిన దేవుళ్ళ పలకల వరుస. వేంకటేశ్వరస్వామి, శిలువ, మసీదు గుమ్మటం పక్కపక్కనే ఉంటాయి. ఆఫీసు మెట్ల మలుపుల్లో పాన్ ఉమ్ము పడకుండా కూడా ఇవే కాపలా. వీధి గుమ్మం పైన పెట్టుకునే లక్ష్మీదేవి, జగిత్యాల, నిజామాబాద్ వైపు గల్ఫ్ సంపాదనతో కట్టిన ఇళ్ళ ముందు వైపు పరిచే ఎలివేషన్ టైల్స్ కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

వీటి దగ్గరే ఒక తికమక ఉంది. పక్కపక్క ఇళ్ళ గుమ్మాల మీద ఒకే లక్ష్మీదేవి ఉన్నా, అయిదేళ్ళకు ఒకటి తెల్లబోతుంది, మరొకటి అలాగే ఉంటుంది. మొదటి దానిలో పలక మీద ప్లాస్టిక్ పూత వేసి, కాగితం మీది బొమ్మను సుమారు 200 డిగ్రీల వేడితో దాని మీదికి దించి ఉంటారు. పెళ్ళి ఫోటోలను కప్పుల మీద వేసే పద్ధతి అదే. రెండో దానిలో ఖనిజ సిరాతో గీసి బట్టీలో కాల్చి ఉంటారు. రెండింటినీ టైల్ అనే అంటాం. మొదటిది నిజానికి పలక వేషం వేసుకున్న పోస్టరు, అందుకే పోస్టరులాగే వెలిసిపోతుంది.

పలకలు రాలేది ఎందుకు

కాల్చిన బొమ్మ చెడకపోవచ్చు గాని, దాన్ని అతికించిన గోడ చెడుతుంది. ఒక చిన్న లెక్క చూద్దాం. సిమెంటు గోడ ఒక డిగ్రీ వేడికి మీటరుకు సుమారు 0.01 మిల్లీమీటరు సాగుతుంది. పింగాణీ పలక సుమారు 0.006 మిల్లీమీటరే సాగుతుంది. పడమటి ఎండ తగిలే ఆరు మీటర్ల గోడ అనుకుందాం. జనవరి తెల్లవారుజామున గోడ ముఖం 15 డిగ్రీలు, మే నెల మధ్యాహ్నం 55 డిగ్రీలు, అంటే తేడా 40 డిగ్రీలు. గోడ 2.4 మిల్లీమీటర్లు సాగితే, సందు లేకుండా పరిచిన పలకలు 1.44 మిల్లీమీటర్లే సాగుతాయి. దాదాపు ఒక మిల్లీమీటరు తేడా మిగిలింది. ఆ తేడాను పలకకు పలకకు మధ్య వదిలిన సందూ, అందులో నింపిన గ్రౌటూ, వెనకున్న అంటు భరించాలి. బొమ్మ అతుకు కనిపించకూడదని సందులు లేకుండా బిగించిన చోటనే పలకలు ముందు పొంగి ఊడతాయి. పగటికీ రాత్రికీ మధ్య వేడి బాగా మారిపోయే ఎడారిలో ఈ ఒత్తిడి రోజూ ఉంటుంది.

మరమ్మతు అంతకంటే పెద్ద సమస్య. రంగు గోడ చెడితే ఊళ్ళో పెయింటరును పిలుస్తాం. నలభై పలకల బొమ్మలో ఒకటి పగిలితే ఆ ఒక్క పలకను అదే రంగులో, అదే బట్టీ వేడిలో మళ్ళీ చేయించాలి. మన దగ్గర దొరికే టైల్స్‌లో ఎక్కువ భాగం గుజరాత్‌లోని మోర్బీ నుంచి వస్తాయి. ఒక్క పలక కోసం ఏ కర్మాగారమూ బట్టీ రాజేయదు. కన్ను పోయిన దేవుడు కన్ను లేకుండానే ఏళ్ళ తరబడి ఉండిపోవడానికి కారణమిది.

ఖర్చు విషయంలోనూ తేలిక జవాబు లేదు. ఊహకు ఒక లెక్క వేసుకుందాం. ఒక గోడకు రంగు వేయడానికి ఒక వంతు ఖర్చయి, మూడేళ్ళకోసారి మళ్ళీ వేయాలనుకుందాం. టైల్ చిత్రానికి ఆరు వంతులు అవుతుందనుకుందాం. పద్దెనిమిదేళ్ళు దాటితే టైల్ లాభం. అయితే పద్దెనిమిదేళ్ళ పాటు ఆ రోడ్డు వెడల్పు కాకుండా ఉంటుందా, ఆ గోడను కూల్చకుండా ఉంటారా అన్నది ఇంజనీరింగు ప్రశ్న కాదు. వరంగల్‌లో గత ఇరవై ఏళ్ళలో ఎన్ని ప్రహరీలు వెనక్కి జరిగాయో గుర్తున్నవాళ్ళు టైల్ వైపు సులువుగా మొగ్గరు.

నిలవాలా, మళ్ళీ గీయాలా

ఇక్కడ రెండు అభిప్రాయాలున్నాయి, రెండింటికీ బలముంది. పరిరక్షకులు మూల చిత్రకారుడి గీత మీద మరొక గీత పడకూడదంటారు. సాన్ జేవియర్‌లో శుభ్రపరిచిన తీరు ఈ కోవదే. దిద్దుతూ పోతే నాలుగో చేతికి అసలు బొమ్మ మిగలదన్నది వాళ్ళ వాదన, మన గుళ్ళలో ఎనామిల్ పూసిన శిల్పాలను చూసినవారు దాన్ని కొట్టిపారేయలేరు. రెండో వర్గం బొమ్మ బతకడమంటే మళ్ళీ మళ్ళీ గీయబడటమే అంటుంది. చేర్యాల నకాషీ సంప్రదాయం ఈ పక్షానికి గట్టి సాక్ష్యం. కాకిపడగలవారు, కూనపులివారు ఊరూరా తిప్పి కథ చెప్పే పటం చిరిగిపోతే దాన్ని దాచుకోరు, శాస్త్రోక్తంగా నదిలో నిమజ్జనం చేసి కొత్త పటం గీయించుకుంటారు. పటం పోయినా కథా, గీసే చేయీ పోవు. గోడకు ప్రతి మూడేళ్ళకూ రంగు వేస్తే పెయింటరుకు ప్రతి మూడేళ్ళకూ పని దొరుకుతుందన్నది కూడా ఈ వైపు నుంచి వినిపించే మాటే. టైల్ వేస్తే ఆ కూలి మోర్బీకి పోతుంది.

చట్టం ఈ తగువులో సగం దూరమే వస్తుంది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లోని తన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ఊడదీసి పాడుచేశారని అమర్‌నాథ్ సెహగల్ వేసిన దావాలో 2005లో ఢిల్లీ హైకోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చి, మిగిలిన భాగాలను తిరిగి అప్పగించాలని, 5 లక్షల రూపాయలు చెల్లించాలని ఆదేశించింది. కాపీరైటు చట్టంలోని 57వ సెక్షను కళాకారుడికి ఇచ్చే నైతిక హక్కే దానికి ఆధారం. అయితే ఢిల్లీలోని హాల్ ఆఫ్ నేషన్స్ అనే ప్రదర్శనశాల కూల్చివేత మీద 2019లో అదే కోర్టు, కట్టడాన్ని పూర్తిగా తొలగించే యజమానిని వాస్తుశిల్పి అడ్డుకోలేడని చెప్పింది. పాడుచేయకూడదు గాని పూర్తిగా తీసేయవచ్చా అన్న మెలిక ప్రహరీ గోడ బొమ్మల విషయంలో ఎలా తేలుతుందో ముందుముందు చూడాలి.

మా వీధి మదనికకు ఈమధ్యే కొత్త ఏర్పాటు జరిగింది. గోడ అడుగున మూడడుగులు ముదురు గోధుమ రంగు టైల్స్ వేసి, ఆ పైన నడుము నుంచి మాత్రమే బొమ్మ దిద్దారు. పాదరక్షల మదనిక పాదాలు లేకుండా మిగిలింది, ఆ టైల్స్ వెనకాల చెమ్మ మాత్రం పైకి ఎక్కుతూనే ఉంటుంది. బాద్‌షాహీ ఆషుర్‌ఖానాలో ఇది సరిగ్గా తలకిందులు. 1908 మూసీ వరద ఆ గోడల అడుగు భాగపు పలకలను ఊడ్చుకుపోతే, తర్వాతి కాలంలో ఆ చోట పలకల్లాగే కనిపించే బొమ్మలను రంగుతో వేశారు. అక్కడ పైన పలక, కింద దాన్ని అనుకరించిన రంగు. ఇక్కడ కింద పలక, పైన రంగు. రెండు గోడల మీదా గీత ఎక్కడ పడాలో నిర్ణయించింది నీరే.